ఇంటి కంప్యూటరులో ధ్వని ప్రయోగశాల: ఉచిత సౌండ్ డిజైన్ సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం ఎలా

ధ్వనులను సృష్టించడానికి ఉచిత సాఫ్ట్‌వేర్ కోసం వెతికేవారికి ఈ రోజుల్లో పేర్లకు లోటు లేదు. వెతకడం మొదలుపెట్టిన కాసేపటికే పదుల పేర్లతో జాబితాలు కుప్పగా వచ్చిపడతాయి. పాటలు రికార్డు చేసే ప్రోగ్రాము, వేరే ప్రోగ్రాము లోపల నడుస్తూ డ్రమ్ము దెబ్బలు వినిపించే చిన్న ప్లగిన్, విశ్వవిద్యాలయ పరిశోధకులు రాసిన ప్రోగ్రామింగు భాష, గొంతును శ్రుతిలో పెట్టే ఎఫెక్ట్ అన్నీ వాటిలో ఒకే వరుసలో, ఒకే రకం పొగడ్తలతో కనిపిస్తాయి. దేని వెనుక ఏ ఆలోచన ఉందో ఆ జాబితాలు చెప్పవు. అందువల్ల దొరికినవన్నీ దించుకుని, ప్రతిదాన్నీ కాసేపు తెరిచి చూసి, ఏదీ చేతికి పట్టుబడక వదిలేయడం చాలామంది విషయంలో జరిగేదే.

ఇక్కడ ఒక తేడాను ముందే గుర్తించాలి. పాడినదాన్నీ వాయించినదాన్నీ రికార్డు చేసి, కూర్చి, సమతూకంగా కలపడం ఒక పని. ఇంతకుముందు లేని ధ్వనిని తయారుచేయడం, లేదా ఉన్న ధ్వనిని ఆనవాలు పట్టలేనంతగా మార్చడం మరొక పని. సౌండ్ డిజైన్ అని పిలిచేది ఈ రెండోదాన్ని. వీడియో ఆటలో బరువైన తలుపు మూసుకునే చప్పుడు, నాటకంలో దూరపు ఉరుము, తెరమీద మాత్రమే ఉన్న యంత్రానికి ఉండవలసిన రొద దీని కిందికే వస్తాయి. మొదటి పనికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఇచ్చే సౌకర్యాలు నిజంగానే ఎక్కువ. రెండో పనిలో మాత్రం ఉచితంగా దొరికేదాన్ని నాసిరకం ప్రత్యామ్నాయంగా చూడడం సరికాదు. విచిత్రమైన, లోతైన పద్ధతులు చాలావరకు అక్కడే ఉన్నాయి. ధ్వని అంటే ఏమిటన్న ప్రశ్నకు ప్రతి ప్రోగ్రామూ తనదైన జవాబునే పునాదిగా చేసుకుంటుంది. ఒకటి దాన్ని గీతగా చూస్తుంది, ఒకటి రేణువుల గుంపుగా, ఒకటి చిత్రంగా, ఒకటి తీగలతో కలిపిన పరికరాల వరుసగా, మరొకటి రాతగా. చేయదలచుకున్న పనికి ఏ జవాబు దగ్గరగా ఉందో తెలుసుకుంటే వెతుకులాట సగానికి సగం తగ్గిపోతుంది.

ఇంత సంపద ఉచితంగా ఎందుకు దొరుకుతోందన్నదానికి చరిత్రలో కారణం ఉంది. కంప్యూటరుతో సంగీతాన్ని పుట్టించడం పరిశోధనశాలల్లో మొదలైంది. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మాక్స్ మాథ్యూస్ రాసిన మ్యూజిక్ అనే ప్రోగ్రాము, ఐబీఎం 704 యంత్రం మీద 17 సెకన్ల చిన్న రచనను వినిపించింది. దాని వంశంలోనిదే సీసౌండ్. 1980ల మధ్యలో ఎంఐటీలో బ్యారీ వెర్కో రాసిన ఈ ప్రోగ్రాము నేటికీ అభివృద్ధిలో ఉంది. పారిస్‌లోని ఇర్కామ్ పరిశోధన సంస్థలో 1980లలో మిల్లర్ పకెట్ రూపొందించిన మాక్స్ తరవాత వ్యాపార సాఫ్ట్‌వేరుగా మారింది. అదే పకెట్ 1990లలో దాదాపు అదే ఆలోచనను ప్యూర్ డేటా పేరుతో మళ్ళీ మొదటినుంచి రాసి, సోర్సు కోడుతో, అంటే ప్రోగ్రాము మూల రాతతో సహా అందరికీ ఇచ్చారు. జేమ్స్ మెకార్ట్‌నీ 1996లో విడుదల చేసిన సూపర్ కొలైడర్ 2002లో స్వేచ్ఛా లైసెన్సు కిందికి వచ్చింది. ఇంగ్లండులోని యార్క్ కేంద్రంగా 1980లలో స్వరకర్తలే కలిసి మొదలుపెట్టిన కంపోజర్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టును 2014లో ఉచితం చేశారు. అమ్ముడుపోయే సాఫ్ట్‌వేరు ఎక్కువమంది అడిగే ధ్వనులవైపు మొగ్గుతుంది. పరిశోధకుడికి ఆ ఒత్తిడి ఉండదు కనుక, ఎవరూ అడగని ధ్వనిని పుట్టించే పనిముట్టును కూడా తీరిగ్గా తయారుచేయగలిగాడు.

మొదట తెలుసుకోవలసింది ధ్వనిని రికార్డయిన గీతగా చూసే పద్ధతి. దీనికి ఆడాసిటీ సరిపోతుంది. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో డొమినిక్ మజోని, రోజర్ డానెన్‌బర్గ్ 1999లో మొదలుపెట్టిన ఈ ప్రోగ్రాము 2000లో విడుదలైంది. విండోస్, మ్యాక్, లైనక్స్ మూడింటిమీదా నడుస్తుంది. చాలామంది దీన్ని మాటలు రికార్డు చేసి, దగ్గులూ తడబాట్లూ కత్తిరించడానికే వాడతారు. కానీ ధ్వని ఎలా ప్రవర్తిస్తుందో చెవికి నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు.

ఒక ఉదాహరణను దగ్గరగా చూడవచ్చు. ఇనుప రేకును చెంచాతో ఒకసారి కొట్టి, ఆ మోత పూర్తిగా ఆగేదాకా రికార్డు చేశారనుకుందాం. రెండు సెకన్లు వచ్చింది. ఇప్పుడు వేగాన్నీ శ్రుతినీ కలిపి మార్చే ఎఫెక్టుతో దాన్ని నాలుగో వంతు వేగానికి తగ్గిస్తే మోత ఎనిమిది సెకన్లకు సాగుతుంది, శ్రుతి సరిగ్గా రెండు స్థాయిలు (ఆక్టేవ్‌లు) కిందికి దిగుతుంది. అంటే 440 హెర్ట్జ్ (సెకనుకు 440 కంపనాలు) దగ్గరున్న అంశం 110కి వస్తుంది. రేకు చప్పుడు పెద్ద గంట మోతలా, గోడౌను తలుపు మూతలా వినిపించడం మొదలవుతుంది. చెవి వస్తువు పరిమాణాన్ని ఎక్కువగా శ్రుతిని బట్టీ, మోత ఎంతసేపు నిలిచిందన్నదాన్ని బట్టీ అంచనా వేస్తుంది. ఆ రెండూ ఒకేసారి మారాయి కనుక వస్తువు నాలుగింతలు పెరిగినట్టు తోస్తుంది. భారీ యంత్రాల, భయంకర జంతువుల ధ్వనుల్లో ఎన్నో ఈ ఒక్క సూత్రం మీదే ఆధారపడి ఉంటాయి.

అయితే ఇలా దించిన ధ్వని కాస్త మొద్దుబారినట్టు ఉంటుంది. దానికీ లెక్క ఉంది. సెకనుకు 44,100 నమూనాల, అంటే విడివిడి కొలతల చొప్పున రికార్డు చేస్తే అందులో 22,050 హెర్ట్జ్ వరకే సమాచారం ఇముడుతుంది. నాలుగో వంతు వేగంలో ఆ పై హద్దు సుమారు 5,512 హెర్ట్జ్‌కు పడిపోతుంది. అంతకు పైన ఏమీ ఉండదు కనుక మెరుపు పోతుంది. మొదటే 96,000 నమూనాల చొప్పున రికార్డు చేసి ఉంటే పై హద్దు 48,000 దగ్గర మొదలై 12,000 దగ్గర ఆగేది. మైకు 20,000 హెర్ట్జ్ పైన కూడా కొంత పట్టగలిగినదైతే ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది. పాటల రికార్డింగులో అంత నమూనా రేటు అవసరమా కాదా అన్న వాదం ఎప్పటినుంచో ఉంది. ధ్వనిని సాగదీసి వాడే పనిలో మాత్రం దాని ఉపయోగం చెవికే తెలుస్తుంది.

శ్రుతిని ముట్టుకోకుండా కాలాన్ని మాత్రమే సాగదీయాలంటే వేరే ఉపాయం కావాలి. ఈ ఉపాయాన్ని అంచుదాకా తీసుకువెళ్ళినది పాల్‌స్ట్రెచ్. రొమేనియాకు చెందిన నాస్కా ఆక్టావియన్ పాల్ రాసిన ఈ పద్ధతి ఆడాసిటీ ఎఫెక్టుల్లో కూడా ఉంది. ధ్వనిని ఒకదానిమీద ఒకటి ఎక్కే ముక్కలుగా తీసుకుని, ప్రతి ముక్కలోనూ ఏయే పౌనఃపున్యాలు ఎంతెంత బలంగా ఉన్నాయో లెక్కగట్టి, బలాన్ని అలాగే ఉంచి వాటి దశలను (ఒక్కో కంపనం ఏ క్షణంలో ఎక్కడుందన్నదాన్ని) మాత్రం యాదృచ్ఛికంగా కలిపేసి, తిరిగి అతుకుతుంది. దశలు చెదిరిపోవడంతో ప్రతి దెబ్బ మొదట్లో ఉండే పదును కరిగిపోతుంది. రంగు మాత్రం మిగులుతుంది. ఆడాసిటీలో దీనికి రెండే అంకెలున్నాయి: ఎన్ని రెట్లు సాగదీయాలి, ఎంత పొడవు ముక్కలు తీసుకోవాలి. ముందుగా అమర్చి ఉండేవి 10 రెట్లు, 0.25 సెకను. ముక్క పొడవును 0.05కు తగ్గిస్తే పాత ధ్వనిలోని లయ కొంత నిలుస్తుంది కానీ గరుకుదనం వస్తుంది. సెకను దాటిస్తే అంతా పొగమంచులా పరుచుకుంటుంది. ఒక్క తలుపు కిర్రుమన్న చప్పుడునుంచి మూడు నిమిషాల నేపథ్య ధ్వని పుట్టడం ఇక్కడ మామూలు విషయం. దీన్ని అందరూ వాడేసి అరగదీశారన్న విమర్శలో కొంత నిజముంది. వచ్చిన ఫలితాన్ని అలాగే వాడకుండా మరో ధ్వని కింద తక్కువ మోతాదులో పరిస్తే ఆ విమర్శకు తావుండదు.

సాగదీయడం నుంచి సహజంగా వచ్చే తరవాతి మెట్టు, ధ్వనిని రేణువుల గుంపుగా చూడడం. ధ్వనికి కూడా అతిచిన్న పరిమాణపు అణువులుంటాయని భౌతిక శాస్త్రవేత్త డెనిస్ గేబర్ 1940లలో ప్రతిపాదించాడు. హోలోగ్రఫీకి 1971లో నోబెల్ బహుమతి అందుకున్న శాస్త్రవేత్త ఈయనే. ఆ ఆలోచనను ఇయానిస్ జెనాకిస్ సంగీతంలోకి తెచ్చాడు. కర్టిస్ రోడ్స్ 1970లలో కంప్యూటరుమీద అమలు చేశాడు. రికార్డయిన ధ్వనినుంచి 1 మొదలు 100 మిల్లీసెకన్ల దాకా పొడవున్న ముక్కలను తీసి, ఒక్కొక్కదాని అంచులను నునుపు చేసి, సెకనుకు పదులు లేదా వేలకొద్దీ చల్లడమే గ్రాన్యులర్ పద్ధతి. రేణువులు క్రమం తప్పకుండా సెకనుకు 100 సార్లు వస్తే చెవి వాటిని విడిగా వినదు, 100 హెర్ట్జ్ శ్రుతిగా వింటుంది. రాకలో కొంచెం క్రమం తప్పించగానే ఆ శ్రుతి చిట్లి వాన చప్పుడవుతుంది. లయ, శ్రుతి, రొద మూడూ ఒకే కొలబద్దమీద వేర్వేరు చోట్లని ఇంత సూటిగా వినిపించే పద్ధతి ఇంకొకటి లేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాంటా బార్బరా ప్రాంగణంలో రోడ్స్ భాగస్వామ్యంతో తయారైన ఎమిషన్‌కంట్రోల్2 దీనికోసమే రాసిన ఉచిత ప్రోగ్రాము. అందులో ప్రతి స్లైడరుకూ నిమిషం చొప్పున కేటాయించి, ఒకదాన్ని మాత్రమే కదుపుతూ వినడం మేలు. అన్నీ ఒకేసారి కదిపితే ఏ మార్పు దేనివల్ల వచ్చిందో తెలియదు.

చిత్రంగా చూడడం ఇంకో దారి. అడ్డంగా కాలం, నిలువుగా పౌనఃపున్యం, మెరుపుగా బలం: ఇలా గీసిన పటాన్ని స్పెక్ట్రోగ్రాం అంటారు. లండన్‌లోని క్వీన్ మేరీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన సోనిక్ విజువలైజర్ దీన్ని శ్రద్ధగా చూపిస్తుంది, మార్చనివ్వదు. మైకేల్ క్లింగ్‌బైల్ రాసిన స్పియర్ మరో అడుగు వేసి ధ్వనిని వందల సన్నని గీతలుగా విడదీస్తుంది. ఒక్కొక్క గీతా ఒక శుద్ధ స్వరం. వాటిలో కొన్నిటిని ఎంచుకుని చెరిపేయవచ్చు, పైకి జరపవచ్చు, సాగదీయవచ్చు. మనిషి గొంతులో కింది గీతలను అలాగే ఉంచి పై గీతలను మాత్రమే కాస్త పైకి జరిపితే అది మనిషిదీ లోహానిదీ కాని స్వరమవుతుంది. ఇక చిత్రం గీసి దాన్నే వినాలనుకునేవారికి వర్చువల్ ఏఎన్‌ఎస్ ఉంది. సోవియట్ ఇంజనీరు యెవ్గెనీ ముర్జిన్ నిర్మించిన ఏఎన్‌ఎస్ యంత్రంలో, గాజు పలకమీద పూసిన నల్లని పూతను గీరితే అక్కడినుంచి వెలుతురు దూరి ధ్వనిగా మారేది. అందులో 720 శుద్ధ స్వరాలుండేవి, ఒక్కో స్థాయికి 72. అలెగ్జాండర్ జోలొటోవ్ ఆ యంత్రాన్ని కంప్యూటరులోకి తెచ్చి, సాధారణ కంప్యూటర్లకు ఉచితంగా ఇచ్చారు. ఏదైనా ఫొటోను అందులో తెరిచి వినవచ్చు, ధ్వనిని చిత్రంగా మార్చి బ్రష్షుతో చెరిపి మళ్ళీ వినవచ్చు. నిజం చెప్పాలంటే ఫొటోలు సాధారణంగా వినసొంపుగా ఉండవు, రొదలా వినిపిస్తాయి. నల్లని తెరమీద నాలుగైదు వంపు గీతలు గీసినప్పుడే ఈ పనిముట్టు సత్తా తెలుస్తుంది.

ఇప్పటిదాకా చెప్పినవన్నీ ఉన్న ధ్వనితోనో బొమ్మతోనో మొదలవుతాయి. శూన్యంనుంచి మొదలుపెట్టాలంటే తీగల పద్ధతి అన్నిటికంటే బోధపడేది. ప్యూర్ డేటాలో తెల్లని కాగితంలాంటి కిటికీలో చిన్న పెట్టెలు పెట్టి, వాటిని గీతలతో కలుపుతారు. ఒక పెట్టె స్వరాన్ని పుట్టిస్తుంది, ఒకటి హెచ్చిస్తుంది లేదా తగ్గిస్తుంది, ఒకటి స్పీకరుకు పంపుతుంది. ఈ మూడిటితోనే మొదటి స్వరం వినిపిస్తుంది. ఆ మధ్య పెట్టెలో 0.1 లాంటి చిన్న అంకె పెట్టడం మరవకూడదు. ఆ పెట్టే లేకపోతే ధ్వని పూర్తి బలంతో చెవులమీద పడుతుంది.

దీనికి ఇంకో స్వరాన్ని జోడించి, మొదటి స్వరపు పౌనఃపున్యాన్నే అది ఊపేలా కలిపితే ఎఫ్ఎం పద్ధతి సిద్ధమవుతుంది. 1967లో స్టాన్‌ఫర్డ్‌లో జాన్ చౌనింగ్ కంపిత స్వరాలతో ప్రయోగాలు చేస్తూ, ఊపే వేగం పెరిగేకొద్దీ కంపనం వినిపించడం మానేసి కొత్త నాదగుణం పుడుతోందని గమనించాడు. 1973లో దాన్ని ప్రచురించాడు. యమహా సంస్థ ఆ పద్ధతిని తీసుకుని చేసిన డీఎక్స్7 వాద్యం 1983లో వచ్చింది. ప్యూర్ డేటాలో ఇదంతా ఆరు పెట్టెల పని. ముఖ్య స్వరం 440 హెర్ట్జ్, ఊపే స్వరం 220 హెర్ట్జ్, ఊపు లోతు 300 హెర్ట్జ్ అనుకుందాం. అప్పుడు 220, 440, 660, 880 దగ్గర కొత్త అంశాలు పుడతాయి. అన్నీ 220కి గుణిజాలే కనుక చెవి వాటిని కలిపి ఒకే నిండైన స్వరంగా వింటుంది. ఇప్పుడు ఊపే స్వరాన్ని 311కు మార్చితే అంశాలు 129, 182, 440, 751, 1062 దగ్గర పడతాయి. వీటికి చెవి పట్టగలిగే ఉమ్మడి గుణకం లేదు, అందుకే ఆ ధ్వని వెంటనే గంటలా, కంచులా మారుతుంది. ఊపు లోతును మొదట ఎక్కువగా పెట్టి త్వరగా తగ్గేలా చేస్తే, కొట్టిన క్షణంలో మెరిసి క్రమంగా మెత్తబడే లోహపు స్వభావం వచ్చేస్తుంది. రెండు అంకెలు మార్చినంతలో వాద్యం జాతే మారిపోవడం చూశాక, వందల ప్రీసెట్లు (సిద్ధంగా అమర్చిన ధ్వనులు) తిరగేస్తూ కూర్చోవడంపై మోజు తగ్గుతుంది. ప్యూర్ డేటా రూపం పాతకాలపుదిగా కనిపిస్తుందన్నది నిజమే. అదే ఇంజనును కొత్త ముఖంతో, ప్లగిన్‌గా కూడా వాడుకునేలా ప్లగ్‌డేటా అందిస్తోంది.

పెట్టెలు మరీ పొడిగా అనిపించేవారికి వీసీవీ ర్యాక్ నచ్చుతుంది. 2017లో ఆండ్రూ బెల్ట్ విడుదల చేసిన ఈ ప్రోగ్రాము నిజమైన మాడ్యులర్ సింథసైజర్లను, అంటే విడి భాగాలను తీగలతో కలిపి ధ్వనిని పుట్టించే యంత్రాలను, తెరమీద పునర్నిర్మిస్తుంది. బొత్తాలు తిప్పడం, రంగు తీగలతో గుచ్చడం చేతికి హాయిగా ఉంటుంది. దానికి వందలకొద్దీ ఉచిత మాడ్యూళ్ళున్నాయి, ఇబ్బంది కూడా అక్కడే ఉంది. కొత్తవాటిని చేర్చుకుంటూ పోవడంలో సమయం కరిగిపోతుంది. స్వరాన్ని పుట్టించే ఆసిలేటరు, కొన్ని పౌనఃపున్యాలను తగ్గించే ఫిల్టరు, ధ్వని ఎదుగుదలనూ తరుగుదలనూ నడిపే ఎన్వలప్, ఒక యాదృచ్ఛిక వోల్టేజి, ధ్వనిని ఆలస్యంగా తిరిగి వినిపించే డిలే: ఈ ఐదింటితో కొన్ని వారాలు గడిపాకే ఆరోదాన్ని చేర్చడం మంచిది. ఉచిత రూపం విడి ప్రోగ్రాముగానే నడుస్తుంది. ఇతర సంగీత ప్రోగ్రాముల లోపల ప్లగిన్‌గా కావాలంటే అదే కోడు ఆధారంగా వచ్చిన కార్డినల్ ఉచితంగా దొరుకుతుంది.

రాతతో ధ్వనిని చేసే సీసౌండ్, సూపర్ కొలైడర్, ప్రిన్స్‌టన్‌లో గే వాంగ్, పెరీ కుక్ రూపొందించిన చక్ లాంటివి ప్రోగ్రామింగుకు అలవాటుపడినవారికి ఎక్కువ ఉపయోగం. ఆ అలవాటు లేనివారికి సోనిక్ పై దగ్గరి దారి. పాఠశాల పిల్లలకు ప్రోగ్రామింగు నేర్పడానికి కేంబ్రిడ్జిలో శామ్ ఆరన్ దీన్ని మొదలుపెట్టారు. లోపల ధ్వనిని పుట్టించేది మాత్రం సూపర్ కొలైడర్ ఇంజనే. కనుక పిల్లల పనిముట్టుగా కొట్టిపారేయనక్కరలేదు. రాత పద్ధతికి ఉన్న పెద్ద బలం, ఒకే పనిని వంద రకాలుగా చేయించడం. వంద అడుగుల చప్పుళ్ళు కావాలి, ఏ రెండూ ఒకేలా ఉండకూడదు అన్నప్పుడు మౌసుతో చేయడం శిక్ష. పది వరుసల కోడు ఆ పనిని రెప్పపాటులో ముగిస్తుంది.

వీటన్నిటిలో తక్కువమంది చూసినదీ, ఎక్కువ శ్రద్ధకు అర్హమైనదీ కంపోజర్స్ డెస్క్‌టాప్ ప్రాజెక్టు. ఇది ఒక ప్రోగ్రాము కాదు, ధ్వని ఫైలును తీసుకుని మార్చి మరో ఫైలుగా ఇచ్చే వందలాది చిన్న పనుల సముదాయం. వాటిలో ఒక పద్ధతి తరంగం శూన్యరేఖను దాటే చోట్లను బట్టి ముక్కలు చేసి, ఒక్కొక్క ముక్కనూ మూడుసార్లో పదిసార్లో వరుసగా తిరగచెబుతుంది. స్థిరమైన స్వరం మీద దీని ప్రభావం పెద్దగా తెలియదు. గొంతుమీద, గాలిమీద, నీటి చప్పుడుమీద వాడితే ప్రతి గరుకూ ఒక చిన్న స్వరపు చినుకుగా విచ్చుకుంటుంది. ఈ ధ్వని ఖరీదైన ప్లగిన్లలో దొరకడం అరుదు. వెంటనే వినిపించకుండా, ముందు లెక్కచేసి తరవాత ఫైలు ఇచ్చే పాత తీరు దీనిది. అందువల్ల ఓపిక కావాలి. ఆదేశాలను చేత్తో టైపు చేయలేనివారికి సౌండ్ లూమ్ అనే ముఖం ఉంది.

సిద్ధంగా ఉన్న సింథసైజరు చాలు అనుకునేవారికి కూడా నిరాశ ఎదురుకాదు. మొదట వ్యాపార ఉత్పత్తిగా వచ్చిన సర్జ్‌ను దాని రచయిత 2018లో సోర్సు కోడుతో విడుదల చేశారు. ఇప్పుడు అది సర్జ్ ఎక్స్‌టీ పేరుతో స్వచ్ఛంద సమూహం చేతుల్లో బాగా ఎదిగింది. మాట్ టైటెల్ రాయగా 2020లో వచ్చిన వైటల్ అనే సింథసైజరులో తరంగం మారుతున్న తీరు కళ్ళముందే కదులుతుంది కనుక నేర్చుకోవడానికి అనువు. ఉచిత రూపంలో సిద్ధ ధ్వనులు తక్కువ, ఇంజను మాత్రం పూర్తిగా అదే. డెక్స్‌డ్ పాత డీఎక్స్7 వాద్యపు ఆరు ఆపరేటర్లనూ (స్వరాన్ని పుట్టించే భాగాలనూ), వాటిని కలిపే 32 అమరికలనూ యథాతథంగా తెస్తుంది, దాని పాత స్వర ఫైళ్ళను కూడా చదువుతుంది. ధ్వనికి స్థలాన్ని జోడించడానికి, అంటే గదిలోనో గుహలోనో వినిపిస్తున్నట్టు చేయడానికి, యార్క్ విశ్వవిద్యాలయం నిర్వహించే ఓపెన్‌ఎయిర్ సేకరణలో నిజమైన భవనాల ప్రతిధ్వని కొలతలు దొరుకుతాయి. వాటిని ఏదైనా ఉచిత కాన్వల్యూషన్ ప్లగిన్‌లో, అంటే అలాంటి కొలతను ధ్వనికి అద్దే ప్లగిన్‌లో వేసుకోవచ్చు. గది కొలత ఉండాల్సిన చోట ఇంకేదైనా చప్పుడు వేసి చూడడం కూడా మంచి ప్రయోగమే. గాజు పగిలిన చప్పుడును అక్కడ పెడితే, దాని గుండా పోయే ప్రతి మాటా గాజు మోతతో బయటికి వస్తుంది.

డబ్బు తీసుకోకుండా ఇచ్చే ప్రోగ్రాములన్నీ ఒకే రకం భరోసా ఇవ్వవు. సోర్సు కోడు బహిరంగంగా ఉన్నవి ఒక రకం. రచయిత ప్రోగ్రామును మాత్రమే ఇచ్చి, కోడు తన దగ్గరే ఉంచుకున్నవి రెండో రకం. కొన్ని సౌకర్యాలు తీసేసి, మిగతావాటికి డబ్బు అడిగేవి మూడో రకం. పాటలు రికార్డు చేసే ఆర్డర్ (Ardour) లాంటి ప్రోగ్రాముల పద్ధతి మళ్ళీ వేరు, కోడు ఉచితం, తయారైన ఇన్‌స్టాలరు కావాలంటే కొంత చెల్లించాలి. ఏళ్ళ తరబడి పనిచేయాలనుకునేవారికి ఈ తేడా ముఖ్యం. 1990ల చివర్లో ఎందరో అభిమానించిన జెస్కోలా బజ్ అనే ఉచిత ప్రోగ్రాము రచయిత 2000లో దాని సోర్సు కోడును పోగొట్టుకున్నాడు. కోడు ఇంకెవరి దగ్గరా లేకపోవడంతో మూల ప్రోగ్రాము పని 2008 దాకా నిలిచిపోయింది. ఆడాసిటీ 2021లో మ్యూజ్ గ్రూప్ యాజమాన్యంలోకి వెళ్ళినప్పుడు, వాడుకదారుల సమాచార సేకరణ గురించిన ప్రతిపాదనలపైనా గోప్యతా విధానంపైనా పెద్ద దుమారం రేగింది. సంస్థ కొన్నిటిని వెనక్కి తీసుకుంది, కొన్నిటిని సవరించింది. కోడు అందరిదీ కనుక నచ్చనివారు టెనాసిటీ లాంటి విడి రూపాలను మొదలుపెట్టగలిగారు. రెండు సందర్భాల్లోనూ ప్రోగ్రాము భవిష్యత్తు గురించే ఆందోళన, దారి మాత్రం కోడు బహిరంగంగా ఉన్నచోటే మిగిలింది.

దించుకునే ముందు కొన్ని విషయాలు చూసుకోవాలి. ప్రోగ్రామును రచయిత సొంత పేజీనుంచో, ఆ పేజీ చూపించిన కోడు నిల్వనుంచో తీసుకోవాలి. మధ్యవర్తి సైట్లు ఇన్‌స్టాలరులో అక్కరలేనివి కలిపే ప్రమాదం ఉంది. లైనక్స్ వాడేవారికి ఈ బెడద తక్కువ, పైన చెప్పినవాటిలో ఎన్నో లైనక్స్ పంపిణీల సొంత సాఫ్ట్‌వేర్ భండారాల్లోనే ఉంటాయి. ప్లగిన్ అయితే 64 బిట్లదేనా అని చూడాలి. 2000ల కాలపు అద్భుతమైన ఉచిత ప్లగిన్లు ఎన్నో 32 బిట్ల దగ్గరే ఆగిపోయాయి. మ్యాక్ వాటిని 2019 నాటి కటలీనా అనే వ్యవస్థ రూపం నుంచి పూర్తిగా వదిలేసింది. విండోస్‌లో వంతెన ప్రోగ్రాములతో కొన్ని ఇంకా నడుస్తాయి కానీ, ముఖ్యమైన పని వాటిపై ఆధారపెట్టడం మంచిది కాదు. తరవాత చూడవలసింది సహాయ పత్రాలు. ప్యూర్ డేటాలో ఏ పెట్టెమీదైనా కుడి క్లిక్ చేసి హెల్ప్ ఎంచుకుంటే పనిచేసే ఉదాహరణే తెరుచుకుంటుంది. ఇలాంటి సహాయం ఉన్న పనిముట్టు, మెరిసే ముఖమున్నదానికంటే ఎక్కువ కాలం తోడుంటుంది.

కంప్యూటరు గురించి ఆందోళన పడవలసింది తక్కువ. వాయిస్తూ వినాలంటే జాప్యం తక్కువుండాలి. 44,100 నమూనాల రేటులో 256 నమూనాల బఫరుకు (ఒకేసారి లెక్కించే ధ్వని ముక్కకు) 5.8 మిల్లీసెకన్లు, 1,024కు సుమారు 23 మిల్లీసెకన్లు పడుతుంది. ఫైళ్ళను మార్చి మార్చి వినే పనికి ఆ 23 కూడా అడ్డురాదు కనుక పాత యంత్రమూ సరిపోతుంది. మధ్యలో దాచుకునే ఫైళ్ళను 32 బిట్ల ఫ్లోట్ రూపంలో ఉంచితే, ఎక్కడైనా స్థాయి హద్దు దాటినా తరవాత తగ్గించుకుని ధ్వనిని కాపాడుకోవచ్చు. 16 బిట్ల ఫైలులో ఒకసారి నరికిన శిఖరం తిరిగి రాదు. చెవుల విషయంలో ఏ ఫైలు రూపమూ కాపాడదు. తీగల పద్ధతిలో ఒక్క తప్పు కలయిక ఫీడ్‌బ్యాక్‌ను, అంటే బయటికి వచ్చిన ధ్వని తిరిగి లోపలికే వెళ్ళి పెరగడాన్ని, క్షణంలో గరిష్ఠానికి చేర్చగలదు. కొత్త కలయికను మొదట స్పీకర్లలో, తక్కువ శబ్దంలో వినడం, ఆఖరి మెట్టులో శబ్దాన్ని హద్దు దాటనివ్వని లిమిటరు పెట్టడం తప్పనిసరి.

పనిముట్లతోపాటు ముడిసరుకూ ఉచితంగానే దొరుకుతుంది. బార్సిలోనాలోని పోంపేయు ఫాబ్రా విశ్వవిద్యాలయం 2005లో మొదలుపెట్టిన ఫ్రీసౌండ్‌లో 5 లక్షలకు పైగా రికార్డింగులున్నాయి. వాటికి ఒకే షరతు వర్తించదు. హక్కులన్నీ వదులుకున్నట్టు తెలిపే సీసీ జీరో గుర్తున్నవాటిని ఎలాగైనా వాడుకోవచ్చు. అట్రిబ్యూషన్ అని ఉంటే రికార్డు చేసినవారి పేరు చెప్పాలి. నాన్ కమర్షియల్ అని ఉంటే డబ్బు వచ్చే పనిలో వాడకూడదు, ధ్వనిని ఎంత మార్చినా ఆ షరతు మారదు. నలభై రెట్లు సాగదీసి, రేణువులు చేసి, గాజు మోతలో ముంచాక అసలు రికార్డింగు ఏదో చెవి చెప్పలేదు. అందుకే దించుకున్న క్షణంలోనే ఫైలు పేరులో దాని సంఖ్యనూ లైసెన్సునూ చేర్చుకోవడం, మార్చిన ప్రతి రూపానికీ ఆ పేరును కొనసాగించడం అలవాటు చేసుకోవాలి. వీలైనచోట ఫోనుతోనైనా సొంతంగా రికార్డు చేసుకుంటే ఈ లెక్క అవసరమే ఉండదు. పైగా ఏ రేకును ఏ చెంచాతో కొడితే ఏ మోత వచ్చిందో తెలిసినవారు, దాన్ని ఎటువైపు మార్చాలో కూడా త్వరగా పోల్చుకుంటారు.